చెద పట్టిన పేర్లు

పొగడకోట రాజ్యంలో మనిషి బతికుండాలంటే ఊపిరొక్కటి ఉంటే చాలదు, తాటాకు మీద పేరు కూడా ఉండాలి. బిడ్డ పుట్టీ పుట్టగానే గంటంతో ఆకు మీద పేరు గీసి, ఆ ఆకును కోట నడుమ తాటాకు దస్తరాలు దాచే కవిలెల మేడకు పంపేవాళ్ళు. ఆకు ఉన్నన్నాళ్ళూ ఆ మనిషికి ముసలితనంతో తప్ప, కత్తి దెబ్బ తగిలినా ప్రాణం పోదు. వెనకటి రాజెవరో వనదేవతను మెప్పించి తెచ్చిన వరం అది. వరాలన్నీ అంతే. తెచ్చుకునేటప్పుడు తియ్యగానే ఉంటాయి.

ఆ వరాన్నే పట్టుకుని గుంజాడు పుట్టసిద్ధుడనే మాంత్రికుడు. కొన్నేళ్ళ కిందట యువరాణి మందారవతిని తనకిచ్చి పెళ్ళి చెయ్యమని కొలువులో అడిగాడు. "మన్ను తినేవాడికి నా బిడ్డనా?" అన్నాడు రాజు. సిద్ధుడు కోప్పడలేదు. నవ్వి, గుప్పెడు చెదపురుగుల్ని కవిలెల మేడ గడప మీద దులిపి వెళ్ళిపోయాడు. అంతే. ఎవరి ఆకును చెద కొరికితే వాళ్ళకు ఒళ్ళూ మనసూ మొద్దుబారిపోయేవి. ఎవరి ఆకు మొత్తం పోతే వాళ్ళు నిలుచున్నచోటే మట్టిపుట్ట అయిపోయేవాళ్ళు. మహామంత్రి కొలువుకూటం మెట్ల మీద పుట్టయ్యాడు. పొగడకోట జనం భక్తిగల జనం గదా, ఆ పుట్టకే పసుపు రాసి, పాలు పోసి, "మంత్రిగారూ, మా వీధి కాలవ బాగుచేయించండి" అని మొక్కుకోసాగారు. బతికుండగా వినని మంత్రి మట్టయ్యాక వింటాడా!

యువరాజు శరభకేతు ఆకును చెద సగం తినేసింది. పేరు సగం పోయేసరికి అతని ముఖం ఎవరికీ ఆనవాలు దొరకకుండా పోయింది. కన్నతండ్రే ఎగాదిగా చూసి, "ఎవరీ కుర్రాడు? అన్నం పెట్టి పంపండి" అన్నాడు. కాపలావాళ్ళు అన్నం పెట్టకుండానే పంపారు. శరభకేతుకు బాధ కలగలేదు. ఆకలీ వెయ్యలేదు. చెదను చంపే నూనె కోసం అగ్గికొండ ఎక్కినప్పుడు అరికాళ్ళు బొబ్బలెక్కితే వంగి చూసి తెలుసుకున్నాడు. ఆ కొండను కాసే ఏకాక్షి అనే రాక్షసిని చంపినప్పుడు విజయం సాధించానన్న ఉత్సాహమే రాలేదు. కత్తి తుడుచుకుని నడిచాడు.

మరి ఇదంతా ఎందుకు చేస్తున్నట్టు? ఎప్పుడో, ఒంట్లో ఇంకా వెచ్చదనం ఉన్న రోజుల్లో, "నీ ఆకు నేను తెచ్చి నిన్ను కాపాడతాను చెల్లీ" అని మందారవతికి మాట ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఇప్పుడు తెలియదు. ఇచ్చిన సంగతి మాత్రం గుర్తుంది. కాడికి కట్టిన ఎద్దులా ఆ మాట వెంట నడుస్తున్నాడు.

ఆకుల పండగ నాటి ఉదయం, చెదకు గిట్టని నిమ్మగడ్డి నూనె కుండలు కావడిలో పెట్టుకుని, శరభకేతు కవిలెల మేడ ముందుకు వచ్చాడు. మెట్ల పక్కనే మందారవతి కూర్చునుంది. కాదన్నందుకు సిద్ధుడు ఆమెను కొంచెం కొంచెంగా పుట్ట చేస్తున్నాడు, అప్పటికే నడుము దాకా మట్టి. ఒడిలో ఎవరో పసుపు చల్లి పోయారు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. పొద్దు వాలేలోగా ఆకు చిక్కకపోతే ఆ మట్టి తలదాకా వస్తుంది. శరభకేతు ఆమె ముందు నిలబడ్డాడు. ఏదో అనిపించాలని అతనికి తెలుసు. ఏమీ అనిపించలేదు. కావడి భుజం మార్చుకుని మెట్లెక్కాడు.

ఏమని చెప్పేది ఆ మేడ సొగసు! అంతస్తు మీద అంతస్తు, మబ్బును తాకే మేడ. ద్వారానికి గంధపుచెక్క తలుపులు, తలుపుల నిండా వెండి హంసలు, హంసల ముక్కుల్లో పగడపు తామరకాడలు. స్తంభానికో సరస్వతి, సరస్వతికో వీణ. గాలి వీస్తే రాతివీణలు కూడా సన్నగా మోగేవట. లోపల ఇరుగుడు చెక్క అరల నిండా పట్టుగుడ్డలు చుట్టిన కవిలె కట్టలు, పెళ్ళిపందిట్లో పేరంటాళ్ళలా ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చునుండేవి. బయటినుంచి చూస్తే ఇంద్రభవనం. లోపల చెయ్యి పెడితే మన్ను.

గుమ్మంలో ఒకామె చీర కుచ్చెళ్ళు ఎగదోపి నేల కడుగుతోంది. ఆమె పేరు నూకసాని. మేడ తాళంచెవి ఆమె మొలకే వేలాడుతుంది.

"ఎవరయ్యా నువ్వు? పండగపూట జిడ్డు కుండల్తో లోపలికొస్తున్నావు?"

"నూనె తెచ్చాను. ఆకులకు రాయాలి."

"ఎవరు తెమ్మన్నారు?"

"ఎవరూ తెమ్మనలేదు. నేను మీ యువరాజుని."

"అట్నా? నేను పట్టపురాణిని. రండి రాజా, ముందు కాళ్ళు కడుక్కోండి, నా నేల పాడైపోతుంది."

శరభకేతు కాళ్ళు కడుక్కున్నాడు. "యువరాణి ఆకు కావాలి. ఎక్కడుంది?"

నూకసాని నవ్వు ఆపింది. "ఆ పిల్ల కోసమా? నేను వెతకలేదనుకున్నావా అబ్బాయ్? ఈ మేడలో అన్నీ ఉన్నాయి. ఏదీ దొరకదు. మా మామకు తెలుసు ఏది యాడుందో. కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే కావలసిన ఆకే వచ్చేది. ఆయన పోయాడు. పోతా పోతా తాళంచెవి ఇచ్చాడు గానీ తలకాయ ఇచ్చిపోలేదు గదా!"

"కొత్త కట్ట వస్తే ఏం చేస్తావు?"

"అటకెక్కిస్తా."

"అటక నిండితే?"

"ఇంకో అటక కట్టిస్తాం. ఏంటా పిచ్చి ప్రశ్నలు?"

శరభకేతు నిచ్చెనెక్కాడు. నూకసాని తిట్టుకుంటూ దీపం పట్టుకుని వెనకే ఎక్కింది. అటక మీద అటక. ఒక కట్ట విప్పితే వంకాయలు. ఫలానా రాజు ఏలుబడిలో, ఫలానా మంగళవారం, వంటశాలకు వచ్చిన వంకాయలు, అందులో పుచ్చులెన్ని, లేతవెన్ని. ఇంకో కట్ట విప్పితే ఏనుగులశాల చీపుర్లు. మరో కట్ట, మళ్ళీ వంకాయలు. ఎక్కడో వాటి నడుమ మనుషుల పేర్లు ఇరుక్కుని ఉన్నాయి.

"ఈ వంకాయలు ఎందుకు దాచారు?"

"అక్షరం గదయ్యా! అక్షరమంటే సరస్వతి. సరస్వతిని పారేస్తామా? కళ్ళు పోతాయి."

ఆ మాట పూర్తికాకముందే ఫెళ్ళున చప్పుడు. దూలం విరిగింది. పైకి నున్నగా ఉన్న దూలం లోపలంతా డొల్ల. అటక ఒరిగింది, కట్టలు కొండచరియలా జారాయి, శరభకేతు కాళ్ళ కింద ఖాళీ. ఒక కొయ్యను పట్టుకున్నాడు. అసలు పట్టుకున్నాడో లేదో వేళ్ళు చెప్పలేదు. తల పైకెత్తి చూసుకుంటే తెలిసింది, పట్టుకునే ఉన్నాడు. ఆ కొయ్య మీదుగా తెల్లటి చెద అతని చేతి మీదికి పాకుతోంది.

"పడిపోతావురా నాయనా! కేకెయ్యి, కేకెయ్యరా! అరిస్తే గదా ఎవరైనా వస్తారు!" నూకసానే అరుస్తోంది.

"నాకు భయంగా లేదు."

"నీకు లేకపోతే నాకుంది!" అంటూ ఆమె కట్టలకు చుట్టిన తాళ్ళన్నీ ముడేసి వదిలింది. శరభకేతు తాడు పట్టుకుని ఊగి, కింద అంతస్తులోకి దూకాడు. దూకినచోట నేలంతా పాత మరకలతో జిగటగా ఉంది.

నూకసాని నిచ్చెన దిగి వచ్చేసరికి శంఖం మోగింది. ఆకుల పండగ పూజారి వస్తున్నాడు. బంగారు బిందె నిండా పానకం, వెనక జనం. పొగడకోటలో ఏటా ఇదే ఆచారం: పండగనాడు సరస్వతికి నైవేద్యమని, బెల్లం పానకం గరిటెతో తీసి ప్రతి అర మీదా, ప్రతి కట్ట మీదా చిలకరిస్తారు. ఏడాదంతా ఎవరూ ముట్టుకోరు. ఆ ఒక్కరోజు పానకం పోసి, దణ్ణం పెట్టి, తలుపు వేసేస్తారు. అందరికన్నా భక్తిగా పోసేది నూకసానే; ఇప్పుడూ గరిటె పుచ్చుకుని సిద్ధంగా నిలబడింది.

పూజారి మొదటి గరిటె చిలకరించాడు. శరభకేతు చూస్తున్నాడు. మరొకడైతే భక్తితో కళ్ళు మూసుకునేవాడు. అతనిలో భక్తి కూడా మొద్దుబారింది కాబట్టి కళ్ళు తెరిచే ఉన్నాయి. పానకం చుక్క కట్ట మీద పడింది. గోడ పగులులోంచి చెద బయటికి వచ్చింది. చుక్క ఎటు జారితే అటు నడిచింది.

"అమ్మా," అన్నాడు నూకసానితో, "నువ్వు చెదను మేపుతున్నావు."

"ఏం కూశావురా?"

"ఏటా పానకం పోసి మేపుతున్నావు. చూడు."

నూకసాని దీపం వంచి చూసింది. చేతిలో గరిటె జారింది. "నా చేత్తోనా?" అంది. "మా అత్త కాలంలో ఈ పానకం లేదు. ఈ పూజారయ్య వచ్చాకే గదా మొదలుపెట్టింది..."

అందరూ పూజారివైపు తిరిగారు. పూజారి చిరునవ్వుతో రెండో గరిటె ముంచాడు. శరభకేతు గుమ్మంలో దించిన కావడి దగ్గరికి నడిచాడు. కావడిలోంచి కుండ ఎత్తి నిమ్మగడ్డి నూనె ఆయన పాదాల మీద కుమ్మరించాడు.

మనిషైతే ఛీ అంటాడు. పూజారి బుస్సుమన్నాడు. కాళ్ళు కరిగాయి. పట్టుపంచె జారిపోయి, దాని లోపల కోట్లాది చెదపురుగులు మనిషి ఆకారంలో నిలబడి ఉన్నాయి. ఆ ఆకారం పెరిగి పెరిగి పైకప్పు తాకింది. తల స్థానంలో మన్ను కిరీటం. పుట్టసిద్ధుడు!

జనం తలుపుల వైపు పరుగెత్తారు. శరభకేతు కత్తి దూశాడు. నడుముకు నరికితే ఇద్దరు సిద్ధులయ్యారు. ఇద్దరినీ నరికితే నలుగురు. నలుగురూ ఒకే గొంతుతో నవ్వి, శరభకేతుకు మాత్రమే వినపడేట్టు అన్నారు.

"నరుకు బావా, నరుకు! మందారవతి అన్నవు, నీకు నా మీద ఆ మాత్రం హక్కుంది. సాయంత్రానికి నీ చెల్లెలు నా పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లంటే తెలుసుగా, పుట్టలో ఇల్లు!"

శరభకేతు కత్తిని ఒరలో పెట్టేశాడు. వంకాయల కట్ట ఒకటి ఎత్తి కిటికీలోంచి ముంగిట్లోకి విసిరాడు. చీపుర్ల కట్ట విసిరాడు. పానకం తాగి బరువెక్కిన కట్టలు అవి. వాటి వెంట చెద బిలబిలా కిందికి పాకింది.

నూకసాని గుండెలు బాదుకుంది. "సరస్వతిని పారేస్తావా? పాపం రా!"

"వంకాయలు వండారా?"

"ఎప్పుడో వండారు."

"తిన్నారా?"

"తినే ఉంటారు."

"అయితే ఇంకెందుకు? ఏ ఆకు పోతే ఒక మనిషి పోతాడో అది ఉంచు. మిగతాది ఇటివ్వు."

నూకసాని సరస్వతి వైపు చూసింది, వంకాయల వైపు చూసింది. కొంగు నడుముకు చుట్టింది. "తల్లీ, తప్పైతే నన్నే కొట్టు" అని, బలంగా ఒక కట్టను కాలుతో, అవును, కాలుతోనే, బయటికి తోసింది. అది చూశాక జనానికి ధైర్యం వచ్చింది. చేతులు మారుతూ కట్టలు కదిలాయి. మనిషి పేరున్న ఆకు కుడివైపు, లేనిది కిటికీ వైపు. ముంగిట్లో కుప్ప కొండంతయింది. పానకం రుచి మరిగిన చెదంతా దాని మీదికెక్కాక శరభకేతు నూనె పోసి నిప్పంటించాడు. మంట మేడ ఎత్తున లేచింది. నలుగురు సిద్ధుల్లో ముగ్గురు పేలాల్లా చిటపటలాడి బూడిదయ్యారు.

నాలుగోవాడు గోడ పగులుకు ఆనుకుని ఆవులించాడు.

"బాగా కాల్చావు. ఈ ఏడు కాల్చావు. వచ్చే ఏడు? ఈ నూకసాని ముసలిదవుతుంది. దాని తరవాత వచ్చేవాడు కొత్త అటక కట్టిస్తాడు. మీవాళ్ళ సంగతి నాకు తెలియదా? పండగనాడు పూనకం, మర్నాడు నిద్ర. నాకు తొందరేం లేదు బావా. నేను చెదని."

జనం చల్లబడిపోయారు. ఆ మాటలో అబద్ధం లేదని వాళ్ళకూ తెలుసు. శరభకేతు నూకసానిని అడిగాడు, "ఈ మేడలో ఎప్పుడూ చెద ముట్టని ఆకు ఒకటైనా ఉందా?"

"ఈ మేడలో లేదు. మా వంటింట్లో ఉంది. మా అత్త మంగళహారతి పాట ఆకు. శుక్రవారం శుక్రవారం తీసి పాడతా. నా చేతి జిడ్డుకు నల్లబడిపోయింది గానీ..." నూకసాని ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. "గానీ దాన్ని చీమ కూడా ముట్టలేదయ్యో! చెయ్యి తగిలే ఆకుకు చెద పట్టదు!"

గోడ దగ్గర సిద్ధుడి ఆవులింత సగంలో ఆగింది.

"అయితే ఆకులు అటక మీద ఎందుకు? ఇళ్ళకు పంచు," అన్నాడు శరభకేతు.

"ఎవరి ఆకు వాళ్ళకిస్తే అంతేలే! పెట్టెలో పెట్టి తాళమేస్తారు. నా జనం నాకు తెలియదా?" నూకసాని ముక్కు గోక్కుంది. "ఎవరి ఆకు వాళ్ళకొద్దు. నీ ఆకు పక్కింటివాడి దగ్గర, వాడి ఆకు నీ దగ్గర. అమావాస్యకు అమావాస్యకు తీసి, నూనె రాసి, పైకి చదవాలి. చదువు రానోళ్ళు గంటం గాడి మీద వేలు పెట్టి తడిమి చెప్పాలి. ఇంటో మనిషి పోతే తరవాతి మనిషి తీసుకోవాలి. రండి, వరసలో రండి!"

మొదట వచ్చింది గాజుల పుల్లమ్మ. ఆమె ఆకు గానుగ బసవయ్య చేతిలో పెట్టబోతే కయ్యిమంది.

"నా ప్రాణం ఈడి చేతికా? నా మేకను కట్టేసి కొట్టిన మనిషి ఈడు!"

"నీ మేక నా తెలగపిండి తిన్నది!"

"ఈడు చదవకపోతే?"

"నీ చేతిలో వాడి ఆకుంది గదే," అంది నూకసాని. "వాడు నిన్ను మట్టి చేస్తే నువ్వూ వాణ్ణి మట్టి చెయ్యి."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బసవయ్య గొంతు సవరించుకుని, అడక్కముందే, వీధి చివరిదాకా వినిపించేటట్టు "పు-ల్ల-మ్మ" అని చదివాడు. పుల్లమ్మ అంతకన్నా గట్టిగా "బ-స-వ-య్య!" అంది. తన ప్రాణం మీది తీపి మనిషిని ఎంత మంచి పొరుగువాణ్ణి చేస్తుందో చూడండి! చదివిన ప్రతి పేరుకీ సిద్ధుడి ఒంట్లోంచి పిడికెడు చెద రాలిపోయింది. వరస కదిలింది. సిద్ధుడు సన్నబడ్డాడు, వంగాడు, మోకాళ్ళ మీద పడ్డాడు.

పొద్దు వాలబోతోంది. అరల అడుగున చివరి కట్ట మిగిలింది. ఎర్ర పట్టుగుడ్డ, రాచముద్ర. నూకసాని విప్పింది. లోపల రెండే ఆకులు, బంకమట్టితో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఒకదాని మీద 'మందా' వరకు మిగిలింది. రెండోదాని మీద 'కేతు' అని తోక మాత్రమే ఉంది.

నూకసాని ఆ తోకను చూసి, శరభకేతును చూసింది. ఆమె నోరు తెరుచుకుంది. "అయ్యో... బాబుగారూ! మీరు... కాళ్ళు కడుక్కోమన్నానే మిమ్మల్ని!"

ఆ క్షణంలోనే సిద్ధుడు మిగిలిన ఒంటినంతా ఒక్క చెయ్యిగా మార్చి, నేల మీదుగా పాములా చాచి కట్టను పట్టుకున్నాడు. గచ్చు పగిలింది. కింద నల్లటి బిలం నోరు తెరిచింది. చెయ్యి కట్టను అందులోకి లాక్కుంటోంది. శరభకేతు దూకి ఆకుల అంచు పట్టుకున్నాడు. గట్టిగా లాగితే రెండూ చిరుగుతాయి. బంకమట్టి సందులోకి గోరు దూర్చాడు. ఒక్కటే ఊడి వచ్చేట్టుంది. ఏది పైకి రావాలో ఆలోచించాల్సిన పని లేకపోయింది. మాట ఇచ్చింది ఒకదానికే.

మందారవతి ఆకు అతని చేతికి వచ్చింది. రెండోది సిద్ధుడి పిడికిలితో పాటు బిలంలోకి జారిపోయింది. లోపలినుంచి నవ్వు వినిపించింది, దూరమవుతూ.

శరభకేతు ఆకును నూకసాని చేతిలో పెట్టాడు. "మందారవతి. పూర్తిపేరు ఇది. అమావాస్యకు అమావాస్యకు చదువు. ఎవరికైనా నేర్పు. మానకు."

"మరి మీది బాబూ?"

"దానికోసమే పోతున్నా."

"భయం లేదా?"

శరభకేతు నిజంగానే వెతుక్కున్నాడు. "తెలియడం లేదు," అన్నాడు. కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని బిలంలోకి దూకాడు.

చీకటి, పచ్చిమట్టి వాసన, చెవుల పక్కన గాలి. పైన వెలుగు పళ్ళెమంతయింది, తరవాత గింజంతయింది. ఆ గింజలోంచి నూకసాని గొంతు "మం-దా-ర-వ-తి" అని చదవడం వినిపించింది. మట్టి పెళ్ళలు రాలిన చప్పుడు. ఆ వెంటనే అతనికి ఎక్కడో తెలిసిన గొంతు ఒకటి, నిద్రలోంచి లేచినట్టు అడిగింది:

"నూకా, ఇందాక అందులోకి దూకిందెవరు?"

కాస్త ఆలస్యంగా జవాబు వచ్చింది. "ఎవరో కూలివాడమ్మా. పొద్దున నూనె తెచ్చాడు. పేరు... నోట్లోనే ఉంది. ఇప్పుడే ఏదో అన్నాను గదా..."

ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో పడుతున్నవాడికి తెలియలేదు. పళ్ళ మధ్య కత్తి ఇంకా ఉంది. కింద చీకట్లో ఒక తాటాకు తెల్లగా మెరుస్తూ, అతనికన్నా వేగంగా పడిపోతోంది. దాన్ని పట్టుకోవాలని మాత్రం గుర్తుంది. చెయ్యి చాచాడు.